మూతివిరుపత్త మూల ఇల్లు

ఆవిడ అసలు పేరు రబ్బరు తోట హాజరు పుస్తకంలో ఎక్కడో ఉండే ఉంటుంది. పలికేవాళ్ళు మాత్రం లేరు. పాలు గీసేవాళ్ళందరికీ ఆవిడ మూతివిరుపత్త. ఎదురుపడినప్పుడు వట్టి ‘అత్తా’ అనేవాళ్ళు. నాలుగడుగులు దూరం వెళ్ళాక ముందు మాట తగిలించేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసి, దానికీ మూతి విరిచేది.

విరవడమంటే ఊరికే కాదు. ఎడమ పక్క పెదవి కొస చెంపలోకి లాగి, ముక్కుతో కాస్త గాలి వదిలేది. ఒక్క మాట అనేది కాదు. ఎదుటి మనిషికి మాత్రం తన చొక్కా బొత్తాలు సరిగ్గా ఉన్నాయో లేదో అనే అనుమానం పట్టుకునేది. లోతుగా గీసి చెట్టు ఒంటికి గాయం చేసినవాళ్ళకి విరిచేది. కప్పులు కడగనివాళ్ళకి విరిచేది. పొద్దెక్కాక ఆవలిస్తూ వచ్చేవాళ్ళని చూస్తే రెండుసార్లు విరిచేది. కొత్తగా పనిలో చేరిన పక్క తోట ముక్కలో గీసే పిల్లని, అది ఎప్పుడూ పకపకా నవ్వుతూ ఉంటుంది కాబట్టి పకపక అనేవాళ్ళు, చూడగానే విరిచింది. ఆ పిల్ల దానికీ నవ్వేసింది. అప్పట్నుంచి ఆ పిల్లంటే ఒళ్ళు మంట.

అలా విరిచే హక్కు ఆవిడకి ఉందని ఒప్పుకోవాలి. తెల్లవారీ వారకముందే మూడొందల చెట్లు చుట్టి వచ్చేది. ముందు నిన్నటి గాటు మీద ఎండిన పాల తీగని ఒక్క లాగులో పీకి బుట్టలో వేసేది. తర్వాత కత్తి ఏటవాలుగా ఆనించి గోరంత మందాన బెరడు లేపేది. పాలు బొటబొటా గాటు వెంబడి జారి కప్పులో పడేవి. ఒక్క చెట్టుకైనా కత్తి లోపలి కర్రకి తగిలిన గుర్తు చూపించమని సవాలు చేసేది. చూపించినవాళ్ళు లేరు.

మిగతా గర్వమంతా ఇంటి మీద. పనివాళ్ళ ఇళ్ళు ఒక్క వరసలో, ఒకే గోడకి అతుక్కుని ఇరవై గదులు. ఒకరు దగ్గితే పక్కవాళ్ళు మంచినీళ్ళు తాగాల్సినంత దగ్గర. వాటిలో చివరిది మూల ఇల్లు. దానికి రెండు వైపులా కిటికీలు, ముందు చిన్న వసారా, గుమ్మం దిగితే పది అడుగుల్లో నీటి ఊట. ఆ వసారాలో నవారు మంచం వేసుకుని, కాలు మీద కాలేసుకుని, బిందెలు పట్టుకుని వరసలో నిలబడ్డ జనాన్ని చూస్తూ మూతి విరవడమే ఆవిడ సాయంకాలపు కాలక్షేపం.

ఆ ఇల్లు పన్నెండేళ్ళ కిందట వచ్చింది. అప్పటికి కొండవాలంతా పాత అడవి. కంపెనీ దాన్ని కొట్టించి రబ్బరు వెయ్యాలనుకుంది. చెట్లు రంపం మిషను కోసి వెళ్ళిపోయింది. నేలలో మిగిలిన మొద్దుల్ని వేళ్ళతో సహా పెకలించే పని జంటకో నేల చెక్క చొప్పున పంచారు. ఎవరి చెక్క ముందు చదునైతే వాళ్ళకి మూల ఇల్లు అన్నారు. మూతివిరుపత్త, వాళ్ళాయన అందరికన్నా నాలుగు రోజులు ముందే ముగించారు. తర్వాత ఆ చెక్కలోనే మొక్కలు నాటారు, అవి ఎదిగాక ఆ చెట్లే గీతకి ఆవిడకిచ్చారు.

“మీరెంత తొందరగా చేశారత్తా!” అని ఎవరైనా అంటే, “నేను చేశాను. మా నత్త ఉన్నాడు, ఆయన చేతిలో పెడితే ఇప్పటికీ రెండో మొద్దు దగ్గరే ఉండేవాళ్ళం” అనేది.

నత్త అంటే మొగుడు. పొగ గదిలో రబ్బరు షీట్లు ఆరేసే పని ఆయనది. నోట్లో నాలుక లేని మనిషి. అన్నం ముద్ద కూడా ఆలోచించి మింగేవాడు. బజారుకెళ్తే ఆవిడ పదడుగులు ముందు, ఆయన వెనక. “నడవ్వయ్యా బాబూ, నేల అరిగిపోతుందనా?” అని ఆవిడ వెనక్కి తిరక్కుండానే తిట్టేది. ఆయన అరగనివ్వకుండానే నడిచేవాడు.

ఇలా ఉండగా తోటకి కొత్త మేనేజరొచ్చాడు. అంతకుముందు ఏదో సబ్బుల కంపెనీలో చేశాట్ట. బూట్లకి మట్టి అంటితే ఆగి గడ్డికి తుడుచుకునేవాడు. రబ్బరు తోటలో మట్టి అంటకుండా నడవాలనుకునే మనిషికి ఎంత తెలివుందో వేరే చెప్పక్కర్లేదు. ఆయన గది గోడకి పెద్ద పటం ఉంది. అందులో రబ్బరంతా పచ్చ రంగు, ఇళ్ళు ఎరుపు, చిట్టచివర వాలు కింద మిగిలిన పాత అడవి ముక్క బూడిద రంగు. బూడిద రంగు మీద ‘ఖాళీ జాగా’ అని రాయించాడు. ఏనుగంత మానులు ఆకాశం కనపడకుండా నిలబడ్డ చోటు ఆయనకి ఖాళీగా కనపడింది! మూల ఇంటి దగ్గర పైకి తేలే ఊటకి నీళ్ళు ఆ మానుల వేళ్ళ కింద నిలిచినవే. వాలు మీద అడవి ఉన్నన్నాళ్ళు ఊటలు మూడుండేవి. అది కొట్టేశాక రెండు ఎండిపోయాయి. ఈ లెక్క బిందె మోసే ప్రతి ఆడమనిషికీ తెలుసు. పటంలో మాత్రం లేదు.

ఆ ఏడు కాని కాలంలో మూతివిరుపత్త చెక్కలో నాలుగు చెట్లు పూశాయి. మేనేజరు మురిసిపోయాడు. ఫోటోగ్రాఫరుని పిలిపించి, పూల కింద నిలబడి, చెట్టు భుజం మీద చెయ్యి వేసినట్టు వేసి ఫోటో దిగాడు. “చూశారా, కొత్త ఎరువు మహిమ!” అన్నాడు. చుట్టూ ఉన్న సూపర్‌వైజర్లు తలకాయలూపారు. అలా ఊపడానికే వాళ్ళకి జీతాలు.

మూతివిరుపత్త మూతి విరిచింది కానీ, ఈసారి పూల వైపు మళ్ళీ మళ్ళీ చూసింది. కాని కాలంలో పూసే చెట్టు బలంగా ఉండి పూయదు. చచ్చేముందు పూస్తుంది. పైకి చూస్తే ఆకుల మెరుపు పోయింది, అంచులు లోపలికి ముడుచుకుంటున్నాయి. ఆవిడ ఎవరికీ చెప్పకుండా పది చెట్ల మొదళ్ళ చుట్టూ ఎండుగడ్డి దట్టంగా పరిచింది. పాతకాలపు గీతగాళ్ళ పద్ధతది. గడ్డి కింద చెమ్మ నిలుస్తుంది. వేరులో తెగులుంటే ఆ చెమ్మకి పైకి పాకి వస్తుంది. మూడు వారాలాగి గడ్డి లేపి చూడాలి, అంతే.

“ఏంటత్తా, చెట్లకి పరుపులేస్తున్నావ్?” అని పకపక నవ్వింది.

“నీ పని నువ్వు చూసుకో” అంది ఆవిడ.

మూడు వారాలు కాకముందే పూసిన చెట్లలో ఒకటి పడిపోయింది. గాలివాన కూడా లేదు. మధ్యాహ్నం మామూలుగా గాలి వీస్తే వేళ్ళు లేనిదానిలా ఒరిగింది. అప్పుడు మేనేజరు మొక్కల డాక్టరుని రప్పించాడు. డాక్టరు జీపు దిగి, భూతద్దం తీసి, చెట్టు చిట్టచివరి కొమ్మనుంచి రాలిన ఆకుని అరగంట చూశాడు. పడిపోయిన చెట్టు వేళ్ళు కళ్ళెదురుగా ఆకాశం వైపు తిరిగి ఉన్నాయి. వాటి వైపు ఒక్కసారీ తిరగలేదు. ఆకు తెగులన్నాడు. గంధకం చల్లమన్నాడు. వారం పాటు తోటంతా పసుప్పచ్చ దుమ్ము, జనమంతా తుమ్ములు. మరో మూడు చెట్లు ఒరిగాయి.

చెట్లు ఆగకపోయేసరికి డాక్టరు మళ్ళీ వచ్చాడు. ఈసారి భూతద్దం లేకుండానే తేల్చేశాడు. “తెగులు ఆ అడవిలోంచి వస్తోంది. పాత చెట్ల మీద బతుకుతుంది ఇది. దాన్ని తీసేస్తే పీడా పోతుంది” అన్నాడు. ఆ మాట అనడమే ఆలస్యం అన్నట్టున్నాడు మేనేజరు. బూడిద రంగు చోట కూడా పచ్చ పూయించవచ్చు కదా. వచ్చే సోమవారం రంపం మిషను వస్తుందని బోర్డు మీద రాయించాడు.

వరస ఇళ్ళలో ఆ సాయంత్రం ఎవరికీ అన్నం సయించలేదు. అడవి పోతే ఊట పోతుంది. ఊట పోతే కొండ దిగి రెండు మైళ్ళు నడవాలి. అందరూ గొణిగారు, ఒక్కడూ నోరు విప్పలేదు. “చవటలు!” అంది మూతివిరుపత్త వసారాలో కూర్చుని, అందరికీ వినపడేలాగే. “నేనే చెప్తా ఆ సబ్బుల పెద్దమనిషికి.”

మర్నాటికి మూడు వారాలు నిండాయి, పొద్దున్నే గడ్డి లేపి చూసింది. పదింటిలో ఆరు చెట్ల మొదళ్ళకి తెల్లటి దారాలు అల్లుకుని ఉన్నాయి, పాత గోడ మీద సున్నం పగుళ్ళు పాకినట్టు. వేరు తెగులే. ఇక మేనేజరు ముఖం మీద కొట్టినట్టు చెప్పొచ్చు. ఆవిడకి నిజంగా సంతోషం వేసింది, చెట్లు చస్తున్నందుకు కాదు, తను గెలిచినందుకు. దారం ఎక్కణ్ణుంచి వస్తోందో కూడా చూపిస్తే డాక్టరు నోరు మూతపడుతుందని గునపం తెచ్చి దాని వెంబడే తవ్వింది. జానెడు, మూరెడు. దారం అడవి వైపు వెళ్ళలేదు. చెక్క మధ్యకి, ఎగువకి వెళ్ళింది. మోకాటి లోతులో గునపం మెత్తగా దిగబడింది. మట్టి దులిపితే నల్లగా, ముక్కిపోయి, ఎద్దుబండి చక్రమంత మొద్దు. దాని మీద తెల్లటి దారాలు గుత్తులు గుత్తులుగా.

మొద్దు పైభాగం నేలమట్టానికి చక్కగా చెక్కి ఉంది. ఆ చెక్కడం ఎవరిదో ఆవిడకి తెలుసు.

గోతి గట్టున కూలబడింది. పన్నెండేళ్ళ కిందటి ఎండ మళ్ళీ నెత్తి మీదకొచ్చింది. ఆయన ఒక్కో మొద్దు చుట్టూ తవ్వి, ఒక్కో వేరూ వెతికి, పన్ను పీకినట్టు పీకేవాడు. పక్క జంటలు ముందుకి పోతున్నారు. మూల ఇల్లు చేజారిపోయేలా ఉంది. “వేళ్ళు ఉండిపోతే పుచ్చు పడుతుందే” అన్నాడాయన. “పైన చెక్కేసి మట్టి కప్పితే ఎవడు చూడొచ్చాడు?” అంది తను. ఆయన గునపం పట్టుకుని అలాగే నిలబడితే, చేతకానివాణ్ణి కట్టుకున్నానని నలుగురూ వినేలా ఏడ్చింది కూడా. ఆయన కప్పాడు.

నిలబడ్డ చెట్టు తన తెగులుని తను కాచుకుంటుంది. అడవి ఇన్నేళ్ళూ దాన్ని కడుపులో పెట్టుకుని పచ్చగానే ఉంది. నరికి వదిలేసిన మొద్దుకి కాచుకునే శక్తి ఉండదు. తెగులుకి అది నేల కింద గాదె. ఈ సంగతి డాక్టరు చదువుకునే ఉండాలి, చదివి ఎక్కడో పారేసుకుని ఉండాలి. మరి ఈవిడకి? వేరే తోటల్లోనూ కలిపి పాతికేళ్ళుగా గీస్తోంది, ఈవిడకి తెలీదా? అప్పుడూ తెలుసు. లోకమంతటికీ వంకలు పెట్టే ఈ మహాతల్లి రెండు కిటికీల కోసం తెలిసీ మట్టి కప్పించింది.

గోయి పూడ్చేసింది. పైన గడ్డి కూడా సర్దింది. ఇంటికొచ్చి నాలుగు రోజులు వసారాలో మంచం వెయ్యలేదు. “మేనేజరుకి చెప్పావా అత్తా?” అని వరసలో ప్రతివాళ్ళూ అడిగారు. “చెప్తాలే” అంది. చెప్పడం కష్టం కాదు. నీకెలా తెలుసని అడుగుతాడు. దానికి జవాబు చెప్పాలి, అదీ తను పన్నెండేళ్ళుగా మూతి విరిచిన మొహాలన్నిటి ముందూ.

సోమవారం రంపం మిషను వచ్చింది. మేనేజరు కూత వేయించి అందర్నీ అడవి అంచుకి రప్పించాడు, పొగ గది వాళ్ళతో సహా. కొత్త పటం చుట్టి చంకలో పెట్టుకున్నాడు. డాక్టరు పక్కనే ఉన్నాడు. మిషను వాడు మొదటి మాను చుట్టూ తిరిగి, ఎటు పడేయాలో చూసుకుంటున్నాడు. జనం గుడ్లప్పగించి నిలబడ్డారు. మూతివిరుపత్త వాళ్ళందర్నీ ఒకసారి కలయజూసింది. విరవబోయిన మూతి సగంలో ఆగింది. వాళ్ళు నోరు విప్పకపోవడం పిరికితనం. తను విప్పకపోతే దాని పేరేమిటి?

“సార్, ఆపండి” అంది. “తెగులు అడవిలోంచి రావట్లేదు. మా చెక్కలో నేల కింద మొద్దులున్నాయి. వాటిలోంచి వస్తోంది.”

మేనేజరు నవ్వాడు. “ఏమ్మా, మొద్దులన్నీ పెకలించినట్టు కాగితాల్లో ఉందే? నువ్వు నేల లోపల చూశావా?”

“చూశాను. తవ్వించండి, చూపిస్తాను.”

“పన్నెండేళ్ళుగా ఎవరికీ తెలియనిది నీకెలా తెలుసు?”

ఆ ప్రశ్న రానే వచ్చింది. నాలుగు రోజులు తయారు చేసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. అప్పుడు వెనక నించి, ఎప్పుడూ పదడుగుల వెనక ఉండే చోటు నించే, మెల్లగా ఒక గొంతొచ్చింది.

“నేనే సార్. నేనే పీకకుండా కప్పేశాను. ఆవిడకి తెలీదు.”

జనం గొల్లున నవ్వారు. నత్త చేసిన పనంటే నమ్మకుండా ఎలా ఉంటారు? ఎంత హాయిగా కుదిరింది! ఆవిడ ఊరుకుంటే చాలు. అడవి బతుకుతుంది, ఊట బతుకుతుంది, వసారాలో మంచం అక్కడే ఉంటుంది, మూతి ఎప్పటిలాగే విరవచ్చు. మేనేజరు అప్పుడే ఆయన వైపు తిరిగి వేలు చూపించబోతున్నాడు. ఆయన చేతులు కట్టుకుని, తిట్లు తినడం అలవాటైన మనిషిలా తల వంచాడు. ఆ వంచడం చూసేసరికి ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఈయనా?” అంది. “ఈయన మొహం! అబద్ధం కూడా సరిగ్గా ఆడటం రాదు. ఒక్కో మొద్దుకి రెండు రోజులు తీసుకునే మనిషి, ఈయన కప్పుతాడా? నేను కప్పించాను. మూల ఇంటి కోసం కప్పించాను. ఏడ్చి, తిట్టి, నలుగురిలో పరువు తీసి కప్పించాను. రాసుకోండి.”

ఎవరూ నవ్వలేదు. పకపక కూడా నవ్వలేదు. అది అన్నిటికన్నా కష్టంగా తోచింది.

తవ్వారు. మొద్దు బయటపడింది. డాక్టరు ఈసారి మోకాళ్ళ మీద కూర్చుని, దారాలు చేత్తో పట్టుకుని చూసి, చాలాసేపటికి లేచాడు. “ఈ అడవి కొడితే ఇలాంటి మొద్దులు ఇంకో రెండొందలు తయారవుతాయి” అన్నాడు నేల చూపులు చూస్తూ. మేనేజరు పటం చంకలో సర్దుకుని, “అందుకే ముందు అందర్నీ పిలిచి విచారించాలన్నాను” అన్నాడు. అలా ఆయన ఎవరితోనూ అనలేదు. మిషను వెళ్ళిపోయింది. పోతూ పోతూ మేనేజరు బూట్లు గడ్డికి తుడుచుకుని, మూల ఇల్లు వారంలో ఖాళీ చెయ్యాలన్నాడు. ఉన్న మొద్దులన్నీ చూపించి, మీరిద్దరే తవ్వి తియ్యాలన్నాడు.

జనం చెదిరాక ఇద్దరే మిగిలారు. ఆయన సున్నం డబ్బా తెచ్చాడు, గుర్తులు పెట్టడానికి.

“మూడో నాలుగో ఉంటాయి” అంది ఆవిడ.

“పదకొండు” అన్నాడాయన.

ఆవిడ నమ్మలేదు. ఆయన వాదించకుండా నడిచాడు. ఎప్పటిలాగే నత్త నడక. ఆవిడ వెనక నడిచింది, అంత మెల్లగా నడవటం కాళ్ళకి తెలియక రెండుసార్లు ఆయన మడమ తొక్కింది. ఆయన అటూ ఇటూ చూడలేదు, అడుగులు కొలవలేదు. ఒక్కో చోట ఆగడం, సున్నం ముద్ద పెట్టడం, కదలడం. పూసి పడిపోయిన చెట్ల నడుమ రెండు. ఆకులు ముడుచుకున్నవాటి దగ్గర ఐదు. ఇంకా పచ్చగా ఉన్న చెట్ల కింద మూడు. పదకొండోది బాట పక్కన, రోజూ పాలు పోశాక ఆవిడ చద్దన్నం తినే చోట. అక్కణ్ణుంచి మూల ఇంటి కిటికీలు రెండూ కనపడతాయి. అందుకే అక్కడ కూర్చునేది.

“ఇన్నేళ్ళూ ఇవన్నీ గుర్తు పెట్టుకున్నావా?” అంది.

“నువ్వు మట్టి కప్పమని చెప్పి ఊట దగ్గరకి చేతులు కడుక్కోడానికి వెళ్ళేదానివి” అన్నాడాయన. “మట్టి తొక్కింది నేను. తొక్కినవాడికి గుర్తుండదా?”

నిష్ఠూరమేమీ లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది, ఎదురు తిట్టడానికి. ఆవిడ చీర కొంగు బొడ్లో దోపుకుని గునపం అందుకుని, కోపమంతా అందులో పెట్టి ఒక్క పోటు పొడిచింది.

“మెల్లగా తవ్వు. వేరు తెగితే సగం లోపలే ఉండిపోతుంది” అన్నాడాయన.

ఆవిడ మెల్లగా తవ్వింది.